పాత పెంకుటిల్లు పడగొడుతున్నాం: దూలాలు, తలుపులు మేస్త్రికి వదిలేయాలా, సామాను చేయించుకోవాలా?

కావలి_చిన్నోడు (కావలి)

అందరికీ నమస్కారం. తాత కట్టిన పెంకుటిల్లు తీసేసి స్లాబు వేద్దామని ఇంట్లో తేలింది. కావలి పక్కన పల్లె. ఇంట్లో రెండు పెద్ద దూలాలు, వాసాలు, వీధి వాకిలి ద్వారబంధం తలుపులతో సహా, లోపల చిన్న తలుపులు, కిటికీ రెక్కలు, గోడలో ఓ కవాటం (అలమర) ఉన్నాయి. దొడ్లో విరిగిన బండి చక్రం, ఇంకేవో దుంగలు. పడగొట్టే మేస్త్రి "కొయ్యంతా నాకొదిలేయండి, కూలి అడగను" అంటున్నాడు. నాన్న సరేననేటట్టున్నాడు. అమ్మకు మనసొప్పట్లేదు. నాకు రంపం పట్టడం కూడా రాదు. ఈ కొయ్యతో మంచాలు, బల్లలు చేయించుకోవచ్చా? గిట్టుబాటేనా?

ఒంగోలు_గిత్త (ఒంగోలు)

నాన్నను ఆపు ముందు. కూలి వద్దన్నాడంటేనే ఆ కొయ్యలో కూలికి మించి ఉందని ఆయన లెక్కేసుకున్నాడు. ఆయన తప్పేం లేదు, వ్యాపారం. లెక్కేసుకోకుండా ఒప్పుకుంటే తప్పు మనది.

ఉలి_బాడిస (కందుకూరు)

తమ్ముడూ, మాది వడ్రంగం ఇల్లు. గిత్త చెప్పింది నిజం. మొదట టేపు పట్టుకో. పొడవు అడుగుల్లో, వెడల్పు మందం అంగుళాల్లో తీసుకో. మూడూ గుణించి 144తో భాగించు. 12 అడుగుల దూలం 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం ఉంటే 576 వస్తుంది, భాగిస్తే 4 ఘనపుటడుగులు. కోత మిల్లులో పలకలుగా కోసిన కొయ్యకు ఇదే లెక్క, గుండ్రటి దుంగకు కాదు. ఈ అంకె చేతిలో ఉంటే మేస్త్రితో మాట తీరే మారుతుంది.

ఇక ఏ కొయ్యో చూడు. దూలం చివర చాకుతో కాస్త గీకు. పైన పొగపట్టి నల్లగా ఉన్నా లోపల బంగారు గోధుమ రంగు తేలి, చేతికి నూనెగా తగిలి, తోలు వాసన వస్తే టేకు. ఎర్రగా ఉండి నాలికకు చేదు తగిలితే వేప. గోధుమ రంగులో నల్ల నల్ల దారాలు నిలువునా పోతుంటే తాడి. చెయ్యెత్తలేనంత బరువుండి ముదురు రంగైతే తుమ్మ. బండి చక్రం ఎక్కువగా తుమ్మదే అవుతుంది.

పాత ఇంటి కొయ్యలో అసలు విలువ చేవ, అంటే మాను నడిమి గట్టి భాగం. ఇప్పుడు కొట్టేసే పిల్ల టేకులో సగం తెల్లచెక్కే (చేవ చుట్టూ ఉండే లేత భాగం), దానికి పురుగు తొందరగా పడుతుంది. తాతల నాటి దూలంలో చేవే ఎక్కువ, ఎండాల్సింది ఎప్పుడో ఎండిపోయింది. ఇక మెలి తిరగదు, చాలావరకు.

కావలి_చిన్నోడు

అన్నా చాలా థ్యాంక్స్. చాకుతో గీకి రేపు చెప్తా. దించేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఉలి_బాడిస

పెంకులు, వాసాలు, దూలాలు, ఆ వరసలో దించాలి. జేసీబీ మాత్రం పెట్టనివ్వొద్దు. అది ఒక్క తోపు తోస్తే దూలం నడుమ విరుగుతుంది, ఆనక అది వంటచెరుకే. ద్వారబంధం చుట్టూ ముందు గోడ విప్పాలి, గడ్డపారతో చట్రాన్ని ఎగదొబ్బకూడదు. చట్రం కుసెలు (కొయ్య కొసన చెక్కిన నాలుకలు) బెజ్జాల్లో దిగి ఉంటాయి, అవి ఊడితే మళ్ళీ అంత బిగువుగా కూర్చోవు. ప్రతి ముక్కకూ సుద్దతో నంబరు. తలుపు రెక్క, దాని చట్రం, గొళ్ళెం, ఇనప బందులు ఒకచోటే.

ఇంకోమాట. ఏది ఏం చేయాలో తేలేదాకా దేన్నీ కోయించొద్దు. పది పన్నెండడుగుల దూలం దొరకడం కష్టం. దాన్ని పీటలు, స్టూళ్ళ కింద తరిగితే మిగిలేది ముక్కల ధర. పొడుగు పోతే మళ్ళీ రాదు.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు, పొదలకూరు రోడ్డు)

నేను వడ్రంగిని కాదు, ఆఫీసు నుంచి వచ్చాక బాల్కనీలో రంపం ఆడిస్తుంటా. దాంతో కింద ఫ్లాటు వాళ్ళు నాతో మాట్లాడడం మానేశారు, అది వేరే కథ. మా ఇంట్లో చెప్పుల స్టాండు, టీవీ బల్ల, మొక్కల అరలు అన్నీ ప్యాలెట్ (సరుకు పేర్చడానికి కింద వేసే చెక్క చట్రం) చెక్కతో చేసినవే. దూలాలు లేనివాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నా.

ప్యాలెట్ మీద ముద్ర చూడందే ఇంటికి తేవొద్దు. విదేశీ సరుకు మోసే చెక్కకు ఐఎస్‌పీఎం 15 అనే నిబంధన ఉంది. దాని ప్రకారం గోధుమ కంకి బొమ్మ పక్కన దేశం కోడు (మనదైతే ఐఎన్), కింద చికిత్స కోడు వేస్తారు. హెచ్‌టీ అని ఉంటే చెక్కను నడుమ దాకా 56 డిగ్రీల వేడి తగిలేలా 30 నిమిషాలు కాచారని. అది ఇంట్లోకి పనికొస్తుంది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారు. దాన్ని అక్కడే వదిలేయండి, ఊరికే ఇచ్చినా సరే. ముద్రే లేకపోతే అది లోకల్‌గా తిరిగిన ప్యాలెట్. దాని మీద ఏం ఒలికిందో మనకు తెలీదు. నూనె మరకలు, మందుల వాసన ఉంటే ముట్టుకోను.

మేకులు మెలి తిరిగి ఉంటాయి, గోరు సుత్తితో లాగితే చెక్క పగులుతుంది. రెండు చెక్కల సందులోకి ఇనుము కోసే బ్లేడు దింపి మేకును అక్కడే కోసేయడం సుళువు. మేకు తలలు చెక్కలోనే ఉంటాయి, చూడ్డానికి అదో అందం.

చీమకుర్తి_నల్లరాయి (చీమకుర్తి)

మా వైపు గ్రానైటు యార్డుల్లో ఈ చెక్క బాగా మిగులుతుంది. గెలాక్సీ (మా నల్ల గ్రానైటు) పలకలు ఓడెక్కించేటప్పుడు కట్టే చట్రాలకు దిట్టమైన చెక్క కమ్మీలు వాడతారు, కోతలో మిగిలిన మూరెడు, బారెడు ముక్కలు ఓ మూల పోగేస్తారు. కొన్ని యార్డులవాళ్ళు వంటచెరుకు ధరకే ఇస్తారు. చాలావరకు మెత్తటి చెక్క. మంచం కోళ్ళకు పనికిరాదు, అరలకు, పెట్టెలకు బాగుంటుంది.

చెక్క కాదుగానీ ఇంకోటి. పలకలు కోసినప్పుడు మిగిలే నల్లరాయి అంచులు కూడా అడగండి. పాత తలుపు చెక్కతో బల్ల చట్రం కట్టించి మీద రాయి పరిచారు మా చిన్నాన్న వాళ్ళు. వేడి గిన్నె పెట్టినా మచ్చ పడదు. కాకపోతే జరపాలంటే నలుగురు మనుషులు కావాలి.

ఒంగోలు_గిత్త

ఇప్పుడు చేదు నిజం ఒకటి చెప్తా, తిట్టుకోవద్దు. పాత కొయ్యతో సామాను చవక అనే మాట నేను ఒప్పుకోను. కొయ్య ఊరికే వచ్చినా మేకులు పీకే కూలి, కోత మిల్లు కూలి, చిత్రిక (చెక్కను నునుపు చేయడం), పాలిష్, రవాణా అన్నీ కలిపితే రెడీమేడ్ షాపులో మంచం ధర దగ్గరకొస్తుంది. పైగా కొన్ని మిల్లులు పాత కొయ్యను కోయమంటే కోయవు. లోపల ఒక్క మేకు ఉన్నా బ్లేడు పళ్ళు ఎగిరిపోతాయి. కోసినా విడిగా డబ్బులడుగుతారు. వాళ్ళననేదేం లేదు.

ఉలి_బాడిస

గిత్తా, సగం ఒప్పుకుంటా. రెడీమేడ్ మంచం అంటున్నావు, అది దేంతో చేశారు? రంపప్పొట్టు, జిగురు కలిపి అచ్చుపోసిన పలక, పైన కాగితం. ఒక్క వానాకాలం నేల మీద తేమ తగిలిందంటే కోళ్ళ దగ్గర ఉబ్బుతుంది. మన దగ్గర వాన ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలూ గోడలే చెమ్మగిల్లుతాయి. టేకు మంచం ఎదురుగా దాని ధర పెట్టి చూడొద్దు. కొత్త టేకుతో చేయించిన మంచం ధర పెట్టి చూడు, అప్పుడు నా లెక్క గెలుస్తుంది.

మేకుల సంగతి. పాత స్పీకరు పగలగొట్టి లోపలి అయస్కాంతం తీసి, దారానికి కట్టి కొయ్య మీద నెమ్మదిగా ఆడించండి. ఎక్కడ దారం ఒరుగుతుందో అక్కడ మేకుంది. సుద్దతో గుర్తు పెట్టండి. మిల్లువాడు కూడా మీ కొయ్యను చూసి మొహం చిట్లించడు.

మూలాపేట_అక్క (నెల్లూరు)

మగోళ్ళంతా కోత, ధర అంటున్నారు గానీ రంగు సంగతి ఎవరూ ఎత్తలేదు. అబ్బాయ్, మీ తలుపుల మీద పాత ఆయిలు పెయింటు ఉందా? పచ్చ, నీలం, పొరలు పొరలుగా? దాన్ని పొడిగా గీకొద్దు, మిషను అసలు పెట్టొద్దు. పాత రంగుల్లో సీసం ఉండేది. రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) మించకూడదని కేంద్రం 2016లో రూల్సు తెచ్చింది, అంతకుముందు వేసిన రంగులో ఎంతుందో ఎవరికి తెలుసు. ఆ దుమ్ము చిన్నపిలకాయలకు చాలా చెడ్డది, బుర్ర ఎదగనీదు. తడి చేసి గీకాలి, నేల మీద ప్లాస్టిక్ పట్ట పరవాలి, గీకిన పెచ్చులు మూట కట్టి పారేయాలి. మాస్కు పెట్టుకో. పిలకాయల్ని ఆ దరిదాపులకు రానీకు.

నేను పాత కిటికీ రెక్కలతో అద్దం చట్రాలు చేస్తా. రొయ్యల మేత సంచులతో బజారు సంచులు కుడతా. మేత సంచి నాలుగుసార్లు ఉతికితేగానీ వాసన పోదు, ముందే చెప్తున్నా.

రొయ్యల_గుంట (అల్లూరు)

అక్కా, మా గుంటల కాడ మేత సంచులు కుప్పలుంటాయి, వచ్చి ఎత్తకపోండి 🙂

చిన్నోడా, నువ్వు కావలిలో ఉన్నావంటే జువ్వలదిన్నె నీకు దగ్గరే. ఇప్పుడందరూ ఫైబరు బోట్లకు మారారు, పాత నాటు పడవలు ఒడ్డున ఇసకలో కూరుకుపోయి ఉంటాయి. యజమానిని అడిగితే అమ్ముతారు. పడవ చెక్క వంపు తిరిగి ఉంటుంది, గోడ అరలకు, ఊయల బల్లకు మహా అందంగా ఉంటుంది. కాకపోతే ఉప్పు తాగిన కొయ్య అది. మంచినీళ్ళతో బాగా కడిగి నీడన ఆరబెట్టాలి. లేకపోతే వాన చెమ్మకు ఉప్పు నీళ్ళు లాగి ఎప్పుడూ తడిగా అనిపిస్తుంది. ఇనప మేకులు వాడితే తుప్పు చారలు కారతాయి. ఇత్తడి గానీ స్టెయిన్‌లెస్ స్క్రూలు గానీ వాడాలి. పడవ అడుగున పూసిన రంగు నాచు పట్టకుండా వేసే విషపు రంగు కావచ్చు, దాన్ని అక్క చెప్పినట్టే తడిపి గీకు.

పెన్నా_ఒడ్డు

కొయ్య ఆరిందో లేదో తెలియడానికి మీటరు కొననక్కర్లేదు. ఓ చిన్న ముక్కను వంటింటి కాటాలో తూచి గోడ మీద రాసుకో. వారానికోసారి తూచు. బరువు తగ్గడం ఆగిపోతే ఆరినట్టు.

బెంగుళూరు_నెల్లూరోడు

బ్రదర్, ఆ రెండు దూలాలు నేను తీసుకుంటా. నిలువునా చీల్చి మధ్యలో నీలం ఎపాక్సీ (పోశాక గట్టిపడే ప్లాస్టిక్ జిగురు) పోసి రివర్ టేబుల్ చేద్దామని. ఇక్కడ వాటికి మంచి గిరాకీ.

ఉలి_బాడిస

అబ్బయ్యా, తాతల నాటి దూలాన్ని చీల్చి మధ్యలో ప్లాస్టిక్ పోస్తానంటే ఏం చెప్పమంటావు. నీ డబ్బు, నీ ఇష్టం. వంకర్లు తిరిగి, తొర్రలు పడి, వేరే దేనికీ పనికిరాని దుంగ ఉంటే అందులో పోసుకో, నేనూ మెచ్చుకుంటా. తిన్నగా ఉన్న దూలానికి ఆ గతి ఎందుకు?

బెంగుళూరు_నెల్లూరోడు

సరే అన్నా 😄 తొర్ర దుంగ దొరికే చోటు చెప్పండి అయితే.

ఒంగోలు_గిత్త

తొర్రలు, వంకర్లు కావాలంటే మా జిల్లాలో సర్కారు తుమ్మ చూడు. గుంటల గట్ల మీద, బీళ్ళలో ఎక్కడ చూసినా అదే. అందరూ కొట్టి బొగ్గు కాలుస్తారు. ఆ చెట్టు అమెరికా ఖండాల నుంచి వచ్చింది, అక్కడ దాంతో కుర్చీలు, నేల పలకలు చేస్తారు. చాలా గట్టి కొయ్య, ఎండినా కుంచించుకుపోయేది తక్కువ. లావు మొద్దు దొరకడమే గగనం, పైగా ముళ్ళు. కానీ స్టూలు పైపలకకు, గంటెలకు, బొమ్మలకు సరిపోను దొరుకుతుంది. రంగు కూడా ముదురు ఎరుపు తేలుతుంది.

దుర్గం_నీడ (ఉదయగిరి)

గంటెలు అన్నారు కాబట్టి నోరు విప్పుతున్నా. మాది ఉదయగిరి. ఇక్కడ చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేసే ఇళ్ళు తరతరాల నుంచీ ఉన్నాయి. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) కూడా వచ్చింది. దుర్గం కొండ మీది నర్ది, కల్ది, బిక్కి లాంటి కొయ్య వాడతారు. సన్నటి నార, వాసన లేని కొయ్య ఏరుకుంటారు. పని ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీదే నడుస్తుంది. చిన్న ముక్క నుంచి చెంచా ఎట్టా వస్తుందో చూస్తే, ఇంట్లో పారేసే ముక్కల మీద కన్నేస్తారు మీరు.

చిన్నోడు గారూ, మీ టేకు మిగులు ముక్కలతో గరిటెలు చేయొచ్చు. నియమం ఒక్కటే. రంగు పూసిన ముక్క, మందు కొట్టిన ముక్క, ప్యాలెట్ ముక్క నోట్లోకి వెళ్ళే వస్తువుకు వాడకూడదు. పైన పూసే నూనె కూడా చూసుకోవాలి. కొబ్బరి నూనె, వేరుశనగ నూనె కొన్నాళ్ళకు ముక్క వాసన వేస్తాయి. తినే అవిసె నూనె పలచగా పూసి ఆరనిస్తే గట్టి పొర కడుతుంది. పెయింటు కొట్లో అమ్మే లిన్సీడ్ వద్దు, దాంట్లో తొందరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు.

పెన్నా_ఒడ్డు

లిన్సీడ్ అంటే గుర్తొచ్చింది. అది తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. అతిశయోక్తి కాదు. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్లో ముంచండి.

కావలి_చిన్నోడు

గీకి చూశా. ఒక దూలం టేకే, ఉలి_బాడిస అన్న చెప్పినట్టు తోలు వాసన. రెండోది తాడి. వాసాలు కూడా తాడివే. ద్వారబంధం టేకు, లోపలి తలుపులు వేప. కవాటం వెనక చెక్కలో సన్న బెజ్జాలు, కింద పిండిలాంటి పొడి రాలుతోంది. దొడ్లో దుంగల్లో ఒకటి బాగా ఎర్రగా ఉంది, నీళ్ళు పడితే రంగు దిగుతోంది.

ఒంగోలు_గిత్త

ఆ ఎర్ర దుంగ జోలికి పోకు!

దుర్గం_నీడ

గిత్త గారి భయంలో అర్థం ఉంది. అది ఎర్రచందనం కావచ్చు, కాకపోవచ్చు. వెలికొండల వైపు ఊళ్ళల్లో పాతకాలం నాటి ముక్కలు అక్కడక్కడా ఉండేవి. ఎర్రచందనం మీద చట్టం చాలా గట్టిది, కాగితాలు లేకుండా కదిపినా, అమ్మినా, కోయించినా ఇబ్బందే. సైట్స్ అనే, అరుదైన జీవాల, చెట్ల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న చెట్టు. ఫొటోలు ఇక్కడ పెట్టొద్దు. అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో మీరే వెళ్ళి చెప్పండి. మిగతా కొయ్య బండికెత్తి వేరే ఊరికి పంపేటప్పుడు కూడా అక్కడే ఓ మాట అడగండి. ఇల్లు పడగొట్టకముందు ఫొటోలు తీసి పెట్టుకోండి, దారిలో ఎవరన్నా ఆపితే చూపించడానికి.

ఉలి_బాడిస

కవాటం పొడికి మందు ఉంది. వెలిగారం (బోరాక్స్), బోరిక్ పౌడరు వేడినీళ్ళలో కరగదీసి, రంగు లేని పచ్చి చెక్క మీద రెండు మూడు దఫాలు బ్రష్షుతో పట్టించు, బెజ్జాల్లోకి సిరంజితో ఎక్కించు. ఇంటి లోపలి సామానుకే అది, వానకు కొట్టుకుపోతుంది. చెక్కను వేలితో నొక్కితే లోపలికి దిగిపోతోందంటే మందు దండగ, ఆ పలక ఒక్కటీ మార్చుకో. కవాటం మొత్తం పారేయకు.

తాడి దూలాన్ని చిన్నచూపు చూడొద్దు. పై అంచు ఇనుము, నడుమ దూది. ఆ పై అంచు చీలికలు తీసి చిత్రిక పడితే నలుపు గోధుమ చారలతో వచ్చే పలక ఏ షాపులోనూ దొరకదు. మేకు నేరుగా దిగదు, డ్రిల్లుతో బెజ్జం చేశాకే స్క్రూ. నార చేతుల్లో గుచ్చుకుంటుంది, గ్లౌజులు వేసుకో.

నీకు నా లెక్క ఇదీ. ద్వారబంధం, తలుపులు విప్పకుండా కొత్త ఇంటికే వీధి వాకిలిగా పెట్టు, స్లాబు ఇంటికి పెట్టకూడదని ఎక్కడా లేదు. ఎత్తు ఎంతుందో ఇంజనీరుకు ఇప్పుడే చెప్పు, గోడ లేచాక చెప్తే కుదరదు. టేకు దూలాన్ని మిల్లులో నిలువునా చీరించి మంచానికి పట్టెలు, కోళ్ళు తీద్దాం. మిగిలిన దాంతో అమ్మకు వంటింట్లో బల్ల. వేప తలుపులు రెండు కలిపి పొడుగు బెంచీ. తాడి చీలికలు బెంచీ వీపుకు. జిగురు పెట్టేముందు టేకును థిన్నరుతో తుడవాలి, దాని నూనెకు ఫెవికాల్ పట్టదు. సొరుగులుంటే ఎండాకాలంలో చేసినా కాస్త సందు వదలాలి, డిసెంబరులో ఉబ్బి బిగుసుకుంటాయి.

మూలాపేట_అక్క

బండి చక్రం సంగతి మర్చిపోయారే. ఇనప పట్టా తీయకుండా మీద అద్దం వేయించి టీ బల్ల చేస్తారు చాలామంది. నాకైతే నచ్చదు, హోటల్లో కూర్చున్నట్టుంటుంది. విరిగిన ఆకులు (చక్రం నడుమ పుల్లలు) నాకిస్తే కొక్కేల స్టాండు చేసి పంపుతా. ఒక్కో ఆకుకు రెండు కొక్కేలు.

కావలి_చిన్నోడు

అక్కా, ఆకులు మీవే.

నాన్నకు ఘనపుటడుగుల లెక్క చూపించా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మేస్త్రికి ఫోన్ చేసి "కూలి ఎంతో చెప్పు, కొయ్య మాకే" అన్నాడు. కూలి మరీ ఎక్కువ చెప్పాడు గానీ, వాసాల్లో సగం ఇస్తామంటే దిగొచ్చాడు. జేసీబీ వద్దని కూడా చెప్పా. ఎర్ర దుంగ గురించి సోమవారం రేంజ్ ఆఫీసుకు వెళ్తున్నాం.

ఉలి_బాడిస అన్నా, దూలం కందుకూరు తేవాలంటే ఏ బండి సరిపోద్ది? 14 అడుగులుంది.

ఉలి_బాడిస

టాటా ఏస్‌లో వెనక చాలా బయటికి పొడుచుకొస్తుంది, హైవే మీద వద్దు. బొలేరో పికప్‌లోనూ బయటికే వస్తుంది, 14 అడుగులూ తొట్టిలో పట్టే పెద్ద బండి చూడు. నేను కావలిలోనే మిల్లు మాట్లాడతా, అక్కడే చీరిస్తే రవాణా సగం తగ్గుద్ది. అయస్కాంతం మాత్రం నువ్వే ఆడించి పెట్టు.

రొయ్యల_గుంట

స్పీకరు లేకపోతే చెప్పు, మా షెడ్డులో కాలిపోయిన ఏరియేటర్ మోటార్లు, పాత స్పీకర్లు అన్నీ పడున్నాయి.